టేబుల్ క్లాత్ పూర్తికాకుండా చూసుకోవడం ఎలా?

లేసు అల్లడం నేర్పే వీడియోలు కోకొల్లలు. అల్లుతూనే ఉండి, ముగించకుండా నెట్టుకురావడం మాత్రం ఎవరూ చెప్పరు. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందు పెద్ద పని ఎత్తుకోండి. ఆరుగురు కూర్చునే డైనింగ్ టేబుల్‌కి గుడ్డ అయితే శ్రేష్ఠం. పసిపిల్లల టోపీల జోలికి వెళ్లకండి. సాయంత్రానికల్లా అయిపోతాయి, పొద్దున్నే పక్క ఫ్లాటావిడ "మా మనవరాలికీ ఒకటి" అంటుంది.

దారం తక్కువ కొనండి. మలక్‌పేటలో మెట్రో ఎక్కితే దారం దొరికే దిల్‌సుఖ్‌నగర్ మూడో స్టేషన్, కాబట్టి "మళ్లీ తెచ్చుకోవచ్చులే" అనుకోవడం సులువు. మళ్లీ వెళ్లేసరికి బ్యాచ్ మారి ఉంటుంది. తెలుపులో ఇన్ని తెలుపులున్నాయా అనిపిస్తుంది. తెల్లదారం కుదరలేదని మెరూన్ ఉండ ఒకటి కొనుక్కుని, ఇంటికి రాగానే ఇంకో పని మొదలుపెట్టండి.

ఇక అల్లిక. ఎడమ చూపుడువేలికి దారం చుట్టి, సూది కొక్కేనికి తగిలించి లాగితే ఒక గొలుసు. అలాంటివి ఆరు వేసి గుండ్రంగా కలిపి, ఆ చక్రం చుట్టూ అల్లుకుపోతే పువ్వు విచ్చుకుంటుంది. మొదటి పువ్వుకి కళ్లు కావాలి, నాలుగోదానికి వేళ్లు చాలు. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో గుర్తుండదు గానీ గొలుసుల లెక్క తప్పదు. ఇంత సుఖాన్ని ఎవరైనా చేజేతులా ముగించుకుంటారా?

పొరపాటున చివరికొస్తే కంగారుపడకండి. కొస పట్టుకుని లాగండి, వరుసలకు వరుసలు ఊడివస్తాయి. అదే దారం, రెండోసారి ఆనందం, ఖర్చు సున్నా. గ్రీకు కథలో పెనెలోపీ పగలు నేసింది రాత్రి విప్పుతూ మూడేళ్లు గడిపింది. నాలుగో ఏట దాసి పట్టించేసింది. అందుకే పనిమనిషి ఉండగా విప్పవద్దు.

"ఇంకెన్నాళ్లమ్మా?" అని అత్తగారు అడిగితే "అతుకుపని మిగిలిందండీ" అనండి. ఇది నరసాపురం మాట. అక్కడ ఇళ్లల్లో లేసు అల్లే ఆడవాళ్లలో చేతిపని ఒకరిది, ముక్కలు కలిపే అతుకుపని మరొకరిది. సామాజికవేత్త మరియా మీస్ ఆ లేసు పనివాళ్ల మీద 1982లో ఏకంగా పుస్తకమే వేసింది. పువ్వులు అల్లినావిడ మొత్తం గుడ్డను చూడకుండానే అది ఓడెక్కి విదేశాలకు పోవచ్చు. అంటే ఆవిడా పూర్తిచెయ్యదు, మనమూ పూర్తిచెయ్యం. తేడా అల్లా, అల్లినంతకే ఆవిడకు కూలి. "అల్లడంలోనే ఆనందం ఉందండీ" అని ఆవిడతో మాత్రం అనకండి. గజానికెంతిస్తారని అడుగుతుంది.

ఎప్పుడైనా నరసాపురం వైపు వెళితే, పూర్తయిన టేబుల్ క్లాత్ ఒకటి బేరమాడకుండా కొనుక్కురండి. మీదెలాగూ అవ్వదు.