దమ్మపేట నుంచి హేగ్ దాకా: పోడు రైతులకు ఉచిత సలహాలు

దమ్మపేట మండలంలో పోడు చేసుకుని బతికేవాళ్లారా, మీ చేనుకు అడ్డంగా ఫారెస్టోళ్లు కందకం తవ్వినా, మీ ఆర్‌వోఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల) పట్టా దరఖాస్తు ఏ బీరువాలోనో నిద్రపోతున్నా, గ్రామసభ, ఐటీడీఏ, సబ్ డివిజన్ కమిటీ అంటూ చెప్పులరిగేలా తిరగకండి. కొడితే కుంభస్థలాన్నే కొట్టాలి. తిన్నగా అంతర్జాతీయ మానవ హక్కుల కోర్టుకే ఎక్కండి.

టీకొట్టు బెంచీ మీద కూర్చుని ఇలాంటి సలహాలు నేను పైసా తీసుకోకుండా ఇస్తుంటాను. మీ గట్టుకు ఆనుకుని ఉన్న పామాయిల్ తోట నాదేననీ, కాగితాల మీద మాత్రం నా దగ్గర జీతమున్న కోయ పిల్లాడి పేరున నడుస్తోందనీ కొందరు అంటారు. పట్టించుకోకండి.

ముందు ఏ కోర్టో తేల్చుకుందాం. కవరు మీద హేగ్ అని రాస్తే సరిపోతుంది. అక్కడి అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల మధ్య తగువులే వింటుందనీ, మీరూ బీటు ఆఫీసరూ రెండు దేశాలు కారనీ చదువుకున్న కుర్రాళ్లు అడ్డొస్తారు. అదే ఊళ్లో ఇంకో కోర్టుందిగా అంటే, అది యుద్ధ నేరాలు, జాతి హననం చేసినవాళ్లను విచారించేదట, కందకాల జోలికి రాదట. సరే, ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌కు రాయండి. అక్కడి యూరప్ మానవ హక్కుల కోర్టు గట్టిది. మాన్ దీవిలో పదిహేనేళ్ల కుర్రాడికి బెత్తం దెబ్బల శిక్ష వేస్తే, అది మనిషిని కించపరిచే శిక్షేనని 1978లో తీర్పిచ్చింది. 1950లో రాసుకున్న ఒడంబడిక బతికున్న పత్రమనీ, దాన్ని నేటి పరిస్థితుల వెలుగులో చదవాలనీ అంది. అర్జీలో ఆ ముక్క ఎర్ర సిరాతో రాయండి.

ఆ కోర్టు కిందున్నవి 46 దేశాలు. అందులో మనది లేదు. అమెరికా ఖండాల కోర్టు కోస్టారికాలో ఉంది, ఆఫ్రికా కోర్టు టాంజానియాలో ఉంది, ఆసియా మొత్తానికి అలాంటిది ఒక్కటీ లేదు. 1979లో మన దేశం పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరింది. కానీ మామూలు మనిషి నేరుగా ఐక్యరాజ్యసమితి కమిటీకి ఫిర్యాదు చేసుకోవడానికి వీలిచ్చే అదనపు ఒప్పందంలో మాత్రం చేరలేదు.

దీనికే దిగాలు పడిపోతే ఎలా? లేని కోర్టంత మంచి కోర్టు ఇంకోటి లేదు. వాయిదాలుండవు, వకీలు ఫీజుండదు, ఓడిపోతామన్న భయం అసలే ఉండదు. మీరు దానికోసం ఎదురుచూస్తూ కూర్చోండి. ఈలోగా నా గెలలు నిశ్చింతగా అప్పారావుపేట ఫ్యాక్టరీకి పోతుంటాయి.

ఈ కోర్టులన్నిటికీ ఒక చెడ్డ అలవాటుంది. మీ దేశంలో ఉన్న దారులన్నీ తొక్కి వచ్చారా అని గుమ్మంలోనే అడుగుతాయి. స్ట్రాస్‌బర్గ్ అయితే సొంత దేశంలో ఆఖరి తీర్పు వచ్చిన నాలుగు నెలల్లోపే రమ్మంటుంది. వెళ్లిన అర్జీల్లో ఎక్కువ భాగం ఆ గుమ్మం దాటవు. మీరు ఆ గడి ఖాళీగా వదిలేయండి. ఖాళీగా వదలాలంటే ఊళ్లో ఏ దారీ తొక్కకుండా ఉండాలి గదా. అందులో నేను సాయం చేస్తాను.

గ్రామసభకు వెళ్లకండి. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. మీ క్లెయిం మొదట చూసేదీ, తీర్మానం చేసి పైకి పంపేదీ గ్రామసభే. ఆ సభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి, క్లెయిం పెట్టుకున్నవాళ్లలో సగం మందైనా కూర్చోవాలి. అందుకే సభ పెట్టిన రోజునే నేను గెలల కోత పెట్టుకుంటాను. ఆ రోజు కూలి యాభై ఎక్కువ. ఆడవాళ్లకు ఇంకో ఇరవై. మధ్యాహ్నం కోడికూర. ఇంతకన్నా మానవ హక్కులు ఎవరిస్తారు?

ఇక నికరాగువా సంగతి. దీన్ని తప్పుగా అర్థం చేసుకునేవాళ్లు మన దగ్గర పెరిగిపోతున్నారు, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ అవాస్ టింగ్ని అనే ఆదివాసీ ఊరుంది. 1996లో ప్రభుత్వం వాళ్ల అడవిలో దాదాపు 62 వేల హెక్టార్లు కలప కొట్టుకోవడానికి ఒక కొరియా కంపెనీకి రాసిచ్చింది. ఊరి చేతిలో పట్టా ముక్క లేదు. వాళ్లు ముందు తమ దేశపు కోర్టుల్లో తిరిగారు, తర్వాత అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లారు. అక్కడి ఒడంబడికలో ఆస్తి హక్కు ప్రతి మనిషికీ ఉందని రాసి ఉందే తప్ప ఊరుమ్మడి నేల మాట లేదు. అయినా 2001 ఆగస్టు 31న ఆ కోర్టు, ఆస్తి అన్న మాటను ఇవాళ్టి జీవనానికి తగ్గట్టు చదవాలంది. ఆదివాసీల నేల ఒక్కడిది కాదు, గుంపుది, ఆ ఉమ్మడి నేలకూ ఆస్తి హక్కు వర్తిస్తుందంది. జడ్జీల మనసు కరిగి అలా ఇచ్చారని మీరు నమ్మండి, పదిమందికీ చెప్పండి. ఆ ఊరి మనుషులు కోర్టున్న శాన్ హోసే వెళ్లి, ఏ గుట్ట పవిత్రమైందో, ఎవరి ఎముకలు ఎక్కడున్నాయో బోనులో నిలబడి చెప్పారన్న సంగతి మాత్రం ఎత్తకండి.

ఎందుకంటే అలా చెప్పగలిగే మనుషులు మన గూడేల్లోనూ ఉన్నారు. నాకు నిద్రపట్టనిది అక్కడే. ఒకసారి అటవీ హక్కుల కమిటీ వెంట నేనూ సరదాకు వెళ్లాను. క్లెయిం ఒకడిది, ముందు నడుస్తున్నది మాత్రం పక్కింటి ముసలమ్మ. కర్రతో రాళ్ల గట్టు మీద తట్టి, "ఈ గట్టు వీళ్ల తాత పోసిండు బాబూ, నేను కాపురానికొచ్చిన యేడు" అంది. నాలుగడుగులేసి ఇప్పచెట్టు మొదట్లో పాతిన రాయి చూపించింది. "ఆయన ఇగో, ఇక్కడే ఉన్నడు." కమిటీ కుర్రాడు రాసుకుంటున్నాడు. మాట మార్చుదామని "నీకెన్నేళ్లవ్వా?" అన్నాను. "నువ్వు ఈ ఊరికి వచ్చేనాటికే నాకు మనవలున్నరు లే దొరా" అంది. కుర్రాడు అదీ రాసుకున్నాడు.

చట్టం కింద చేసిన నిబంధనల్లో పదమూడోది చదివితే మీకు నా బాధ అర్థమవుతుంది. గట్టు సాక్ష్యమే, బావి సాక్ష్యమే, సమాధులూ పూజ చేసే చోట్లూ సాక్ష్యాలే, క్లెయిం దారు కాని పెద్దలు చెప్పింది రాతలో పెడితే అదీ సాక్ష్యమే. ఫలానా కాగితమే తెమ్మని పై కమిటీలు పట్టుబట్టకూడదు. అందుకని కమిటీ వచ్చే రోజు ముసలివాళ్లను సత్తుపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లండి. జీపు నేను మాట్లాడతాను. గట్టుకు బదులు ఫోన్లో కనిపించే శాటిలైట్ ఫొటో ప్రింటు తీసి ఇవ్వండి. 2012లో సవరించిన నిబంధనలు ఉపగ్రహ చిత్రాన్ని మిగతా సాక్ష్యానికి తోడుగానే వాడమన్నాయి, దాని బదులు కాదు. ఆ మరుసటి ఏడాదే, 2013లో, గుజరాత్ హైకోర్టూ ఒక్క ఫొటో పట్టుకుని క్లెయిం కొట్టేయడం కుదరదంది. అయినా ఫొటోయే మేలు. అందులో పాతిన రాయి కనబడదు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ దున్నుతున్న చేను కూడా నాలుగు చెట్ల నీడ పడితే అడవి అయిపోతుంది.

మన దేశపు కోర్టుల ఊసు అసలు తేకండి. తెస్తే సమత కేసు గుర్తొస్తుంది, నాకు తలనొప్పి వస్తుంది. మనందరికీ తెలిసిన వన్ ఆఫ్ సెవెంటీయే దీనికంతటికీ మూలం. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్ 1963లో తెలంగాణకు వచ్చింది. 1970లో దానికి పదును పెట్టిన సవరణే ఈ వన్ ఆఫ్ సెవెంటీ. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి కనబడితే, కాదని అతను రుజువు చేసుకునేదాకా అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే లెక్క. ఇంతవరకు ఓర్చుకున్నాం. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం బొర్రా దగ్గర గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కితే, 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఆ రెగ్యులేషన్లోని 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వాన్ని కూడా చేర్చింది. అంటే షెడ్యూల్డ్ ఏరియాలో సర్కారు భూమిని సర్కారే గిరిజనేతరులకు లీజుకివ్వడానికి లేదు. ముగ్గురు జడ్జీల్లో ఒకరు ఒప్పుకోలేదు. నేను ఆ ఒక్కరి తీర్పునే లామినేషన్ చేయించి పెట్టుకున్నాను.

నెల తిరిగిందో లేదో, ఆగస్టులో విశాఖ కేసు వచ్చింది. పేరు చూసి మన విశాఖపట్నం అనుకోకండి, అది రాజస్థాన్ సంగతి. పనిచేసే చోట ఆడవాళ్లపై వేధింపులకు మన దగ్గర చట్టం లేకపోతే, మహిళల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులతో కలిపి చదివి, సుప్రీంకోర్టే మార్గదర్శకాలు ఇచ్చింది. అంతర్జాతీయ హక్కు మన గుమ్మంలోకి రావడానికి ఉన్న దారి ఇదే. స్ట్రాస్‌బర్గ్ విమానం ఎక్కనక్కర్లేదు, హైదరాబాద్ బస్సు చాలు. ఈ రహస్యం మనలో మనకే ఉండాలి.

తీర్పులు తప్పకుండా వినిపించాలని ఎవరైనా పట్టుబడితే, ఏవి చదవాలో నేను ఎంచి ఇస్తాను. 2019 ఫిబ్రవరి 13 నాటి ఉత్తర్వు చదవండి. క్లెయింలు తిరస్కరించినవాళ్లను ఖాళీ చేయించమని రాష్ట్రాలకు సుప్రీంకోర్టు చెప్పింది. గొంతు పెంచి చదవండి. పదిహేను రోజులకే, 28న, అదే కోర్టు దాన్ని నిలిపేసింది. అది వచ్చేసరికి మైకు ఆపేయండి. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనన్న 2000 నాటి జీవో 3ను అయిదుగురు జడ్జీలు 2020 ఏప్రిల్ 22న కొట్టేశారు. అదీ చదవండి. మాట అర్థాన్ని విప్పిన చెయ్యే ముడవగలదని జనానికి తెలిస్తే కోర్టుల మీద ఆశ పోతుంది. ఆశ పోయినవాడు గ్రామసభకూ రాడు.

పట్టా అడగాల్సి వస్తే ఒక్కరికి ఒక్కటే అడగండి. 2023లో రాష్ట్రంలో దాదాపు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు పోడు పట్టాలు పంచారు, అవన్నీ ఎవరి చేను వారికే. తునికాకు, ఇప్పపువ్వు, చెరువు చేపలు, ఊరు కాపాడుకుంటున్న అడవి మొత్తం మీద ఉమ్మడి హక్కు అడగడానికి వేరే ఫారాలున్నాయి. బి, సి అని ఉంటాయి. వాటిని నింపకండి. ఒక్కడి పట్టా అయితే పెళ్లికో పురుడుకో నా దగ్గర కుదువ పెట్టొచ్చు, చట్టం ఒప్పుకోకపోయినా నేను ఒప్పుకుంటాను. ఊరంతటి హక్కును కుదువ పెట్టడానికి ఊరంతా రావాలి.

ఒకవేళ ఎక్కడో గెలిచారే అనుకోండి, వెంటనే ఇంటికొచ్చి పడుకోండి. తీర్పు తన పని తానే చేసుకుపోతుంది. అవాస్ టింగ్నిని చూడండి, తీర్పొచ్చిన ఏడేళ్లకు, 2008 డిసెంబర్లో, పట్టా చేతికొచ్చింది. అదీ వెంటపడితే. కెన్యాలో మౌ అడవిలోని ఒగియెక్ ఆదివాసీలకు 2009లో నెల రోజుల్లో ఖాళీ చేయమని నోటీసిచ్చారు. అడవి పాడవడానికి వీళ్లే కారణమని ప్రభుత్వం రుజువు చేయలేకపోయిందనీ, అడవిని కాపాడే పేరుతో వీళ్లను వెళ్లగొట్టడం తప్పనీ ఆఫ్రికా కోర్టు 2017లో తేల్చింది. 2022లో నష్టపరిహారమూ, భూమికి పట్టాలూ ఇమ్మంది. 2023 నవంబర్లో మళ్లీ వాళ్ల ఇళ్లు కూలాయి. మీ ఇల్లు కూలదులెండి, మీ పక్కన నేనున్నాను.

ఆఖరుగా, మీ క్లెయిం తిరస్కరించారంటే ఆ నిర్ణయాన్ని కారణాలతో సహా మీకు స్వయంగా అందజేయాలి. అందితే కంగారు పడి ఎవరికీ చూపించకండి. అప్పీలు చేసుకోవడానికి అరవై రోజులు గడువుంటుంది. అరవై ఒకటో రోజున కాగితం పట్టుకుని నా దగ్గరికి రండి, టీ నేనే ఇప్పిస్తాను.