కంపైలేషన్ శాస్త్రం: ప్రవర ప్రకరణం

పాత లినక్సు మీద, ఊళ్ళో ఇంకెవరికీ లేని ప్రాసెసరు మీద, లెక్కల సాఫ్ట్‌వేర్ కంపైల్ చేసే విధిని ఇక వ్యాఖ్యానిస్తున్నాం.

ముందు అధికారి నిర్ణయం. కొత్త కంప్యూటరు కొనగలిగినవాడు ఈ శాస్త్రానికి అధికారి కాడు. కొనలేనివాడూ కాడు, వాడికి వేరే పనులుంటాయి. ఇంట్లో ఆల్ఫా మిషను ఉండి, దాన్ని పాత ఇనుముకి వెయ్యడానికి చేతులు రానివాడే అధికారి. ఆల్ఫా అంటే 1992లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన 64 బిట్ల ప్రాసెసరు. డెబియన్ వాళ్ళు 2009 నాటి లెన్నీ తర్వాత దాన్ని పంక్తిలోంచి లేపేశారు.

లెక్క తప్పి కంపైల్ ఆగడం బహు అరుదని పెద్దల మతం. ఆగేదంతా పేరు దగ్గరా, పుట్టుక దగ్గరా, తారీఖు దగ్గరానే. కాన్ఫిగర్ కొట్టగానే కాన్ఫిగ్.గెస్ అనే స్క్రిప్టు మిషను ప్రవర అడుగుతుంది. ఋషులు ముగ్గురు: ప్రాసెసరు, తయారీదారు, ఆపరేటింగ్ సిస్టమ్. ఆల్ఫా ప్రవరలో రెండో ఋషి పేరు ‘అన్‌నోన్’. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు. స్క్రిప్టు ప్రాసెసరు కంటే ముందు పుట్టినదైతేనే చిక్కు. తొంభైల నాటి స్క్రిప్టుకి 2001లో వచ్చిన ఐటేనియం ఎవరో ఎలా తెలుస్తుంది? కొత్త స్క్రిప్టు తెచ్చి పాతదాని స్థానంలో పెట్టడమే శాంతి.

ఇక అండర్‌స్కోరు. ఈ గీత మీద చాలా రాత్రులు ఖర్చయ్యాయి కాబట్టి విస్తరించక తప్పదు. పాత జీ77 ఫోర్‌ట్రాన్ కంపైలరు సబ్‌రొటీన్ పేరు చివర ఒక గీత తగిలించేది. పేరులో ముందే గీత ఉంటే రెండు. 2005లో జీసీసీ 4.0తో జీ77 పోయి జీఫోర్‌ట్రాన్ వచ్చింది. ఎవరికైనా ఒక్క గీత చాలంది. అప్పట్నుంచి ఒకరి లైబ్రరీకి ఇంకొకరి ప్రోగ్రాము అతికిస్తే, ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరంటాడు లింకరు. ఉంటారు, ఒక గీత తేడాగా.

పూర్వపక్షం: ఫోర్‌ట్రాన్ 77 పేరుకి ఆరక్షరాలే ఇచ్చింది, బ్లాస్ లెక్కల లైబ్రరీ వాళ్ళ ‘డీజెమ్’లాంటి పేర్లలో గీతే లేదు, మరి గొడవెక్కడిది? సిద్ధాంతం: గీత పెట్టినవాడు మీ ప్రొఫెసరు, తన సొంత సబ్‌రొటీన్‌కి. ఆయన రిటైరైపోయాడు. మైనస్ ఎఫ్‌సెకండ్-అండర్‌స్కోర్ అని కంపైలరుకి విన్నవించుకోవాలి.

సున్నాని సున్నాతో భాగించడం వేరే ప్రకరణం. 1985 నాటి ఐఈఈఈ 754 ప్రకారం ‘నాన్’, అంటే ‘సంఖ్య కాదు’ అనే జవాబు, రావాలి. మైనస్ ఎంఐఈఈఈ అని ముందే చెప్పకపోతే ఆల్ఫా ప్రోగ్రామునే అక్కడ చంపేస్తుంది. ఇది దోషమంటారు. నాకు మాత్రం, చడీచప్పుడు లేకుండా నాన్‌ని చివరి పట్టికదాకా మోసుకెళ్ళే మిషన్ల కంటే ఇదే నయమనిపిస్తుంది.

మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే తారీఖు వెనక్కి పోతుంది. అప్పుడు ఫైళ్ళు భవిష్యత్తులో పుట్టాయని మేక్ గోల పెడుతుంది. తారీఖు సరిచేసి, ఫైళ్ళన్నిటికీ టచ్ కొట్టాలి. అయినా ఆగితే కాన్ఫిగ్.లాగ్ మొత్తం చదవమని శాస్త్రం. ఊరికే ఇంకోసారి మేక్ కొట్టి చూడ్డం ఆచారం.