జ్వరం దిగింది కదా, ఇక కోట ఎక్కండి

థర్మామీటర్లో 98.4 కనబడగానే మీ జబ్బు అయిపోయినట్టే. ఇది మొదటి సూత్రం, మిగతా చిట్కాలన్నీ దీని మీదే నిలబడ్డాయి. వైరస్ జ్వరం వచ్చిపోయాక ఒంట్లో ఇంకా ఏదో మిగిలిందని మీకు అనిపిస్తే, అది మీ భ్రమ. నమ్మకం కుదరకపోతే మా గుత్తి బస్టాండులో ఓ ఐదు నిమిషాలు నిలబడండి. ఎవరో ఒకరు తగులుతారు. "ఏమన్నా, మనిషి బాగానే కనపడ్తాండావే! ఇంగేమి?" ఆ "ఇంగేమి"కి మీ దగ్గర జవాబు ఉండదు కాబట్టి మీకు జబ్బు లేదు.

2021 మే నెలలో నాకొచ్చిన కోవిడ్ జ్వరం తొమ్మిది రోజులకు పోయింది. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు చుట్టాలు, ఇరుగుపొరుగు, మెడికల్ షాపు కుర్రాడు, రైల్లో ఎదురు సీటాయన ఇచ్చిన సలహాలన్నీ తు.చ. తప్పకుండా పాటించాను. ఆ అనుభవం వృథా పోకూడదని ఇక్కడ పెడుతున్నాను. కోలుకోకుండా ఉండదలచినవాళ్లకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

ఒంట్లో కాస్త ఓపిక వచ్చిందనిపించిన మొదటి రోజును అస్సలు వదలొద్దు. ఆ రోజే కోట ఎక్కండి. "చెమట పడితే రోగం పోతాది" అని మా తోడల్లుడు తెల్లారి ఐదింటికే బండి తెచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టాడు. గుత్తి కోట కింది మైదానం నుంచి దాదాపు మూడొందల మీటర్లు లేచి ఉంటుంది. ఒక వాకిలి దాటితే ఇంకో వాకిలి. నాలుగు చోట్ల కూర్చుని, ఎలాగో పైకి చేరాను. కొండ అంచున, ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పే చిన్న మంటపం దగ్గర ఫొటో దిగాను. కింద ఊరు, రైలు పట్టాలు, ఎండిన చేలు. గెలిచేశాననుకున్నాను. ఆ రోజంతా బాగానే ఉన్నాను. మర్నాడూ బాగానే ఉన్నాను. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ ఉండగా చెయ్యి కిందికి జారిపోయింది. బ్రష్షు పళ్లమధ్యే ఉంది, దాన్ని పట్టుకునే చెయ్యి లేదు. బచ్చలి గట్టు మీద కూర్చుని, నోటినిండా నురగతో మా ఆవిడను పిలిచాను. ఆ తర్వాత పదకొండు రోజులు కిటికీ తెర తీయనివ్వలేదు.

ఈ జబ్బులో సొగసంతా ఇక్కడే ఉంది. దెబ్బ అక్కడికక్కడే తగిలితే ఎంత మొద్దుకైనా కారణం తెలుస్తుంది. ఇది ఒకరోజు, రెండ్రోజులు ఆగి తగులుతుంది. ఆలోపు మీరు రాత్రి తిన్న పెరుగన్నాన్నో, ఎదురింటివాళ్ల దిష్టినో నిందించుకోవచ్చు. కోటను ఎవరూ అనుమానించరు. కోలుకున్నాక మళ్లీ ఎక్కండి, మళ్లీ పడండి. ఆ ఏడాది అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ కోవిడ్ అనంతర అవస్థకు ఒక నిర్వచనం ఇచ్చింది: జబ్బు మొదలైన మూడు నెలలకు కూడా ఉండి, కనీసం రెండు నెలలు సాగే లక్షణాలు, వేరే కారణంతో తేలనివి. సరిగ్గా ఆ నెలలోనే ఇంగ్లండులో వైద్య మార్గదర్శకాలు రాసే సంస్థ, ఏళ్ల తరబడి ఇలాంటి అలసటతో ఉండేవాళ్లకు రోజురోజుకూ వ్యాయామం పెంచుకుంటూ పోవాలన్న పాత సలహాను తీసేసింది. ఇవి మీరు చదవకండి. తోడల్లుడి మాట పోతుంది.

అలిసినదాన్ని ఆపి ఊరనివ్వాలన్న సంగతి మా రైతుకు చెప్పాల్సిన పనే లేదు, అదే నాకు ఆశ్చర్యం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లా ఇది. ఇక్కడ బోరు గంటసేపు పోసి, తర్వాత గాలి కక్కడం మొదలుపెడితే ఎవరైనా ఏం చేస్తారు? స్టార్టర్ ఆపేస్తారు. నీళ్లు ఊరనిచ్చి, సాయంత్రం మళ్లీ వేస్తారు. మొండికేసి నడిపితే మోటారు కాలుతుంది, రీవైండింగుకు వేలు పోస్తారు. అంత తెలివిగలవాడు ఇంట్లో మంచాన పడిన కొడుకుతో మాత్రం "లేసి తిరుగు, సోమరితనం రా నీకు" అంటాడు. మీరూ అలాగే అనండి. బోరుకు ఉన్న మర్యాద మనిషికి ఇవ్వకూడదు.

ఇక తిండి. "బలం" అనే మాటను గట్టిగా పట్టుకోండి. పాలు, కోడిగుడ్డు, కాళ్ల సూపు, ఖర్జూరం, బెల్లం వేసిన శెనక్కాయల ఉండలు అన్నీ ఒకే రోజు పడాలి. పాలు తాగితే కడుపు ఉబ్బి, అరగంటకల్లా పరుగు పెట్టాల్సి వస్తోందా? గ్లాసు చాలలేదేమో, చెంబు తాగండి. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము చిన్నపేగు లోపలి పొర మీద ఉంటుందనీ, జబ్బుతో ఆ పొర చెడితే అది మళ్లీ కుదుటపడేదాకా పాలు పడవనీ, తోడుపెట్టినప్పుడు ఆ చక్కెర కొంత తగ్గుతుంది కాబట్టి చాలామందికి మజ్జిగ పడుతుందనీ ఎవరైనా చెబితే నవ్వెయ్యండి. మా మేనత్త నవ్వింది. "పాలు పడకపోవడం ఏందిరా, పుట్టినప్పటి నుంచి తాగలేదా?" అంది. ఆమె వాదనలో లోపం నాకు ఇప్పటికీ దొరకలేదు, కడుపుకు మాత్రం దొరికింది.

వాసన సంగతి ఇంకా విచిత్రం. ముక్కులో వాసన పట్టే నరాలు దెబ్బతిని, మళ్లీ కుదురుకునే దారిలో కొన్నాళ్లు అడ్డదిడ్డంగా పనిచేస్తాయి. కాఫీ, వేగుతున్న ఉల్లిపాయ, వెల్లుల్లి, గుడ్డు, వేయించిన గింజలు కుళ్లు కంపో, కాలిన రబ్బరు కంపో కొడతాయి. నాకు అన్నిటికన్నా ముందు బుడ్డలు పోయాయి. బుడ్డలంటే శెనక్కాయలే, మా వైపు మాట. అనంతపురం జిల్లాలో బుడ్డల వాసన పడనివాడు ఎక్కడికి పోతాడు? చట్నీలో అవే, వంకాయ కూరలో అవే, పక్కింటి పెనం మీద అవే. పొద్దున్నే ఉగ్గాని అంగడి ముందు నుంచి పోతుంటే తాలింపులో ఉల్లి వేసిన చప్పుడుకే కడుపులో తిప్పేది. బజ్జీల మూకుడు దాకా కూడా పోలేకపోయేవాణ్ణి. ఇలాంటప్పుడు మీరు చేయాల్సింది ఒకటే: రోగి ముందు ప్లేటు పెట్టి, "ఒక్క ముద్ద, నా కోసం" అనడం. చల్లారిన తిండి తక్కువ వాసన కొడుతుందనీ, చప్పిడి చారన్నం, గంజి, ఇడ్లీ దిగుతాయనీ కనిపెడతారేమో, కనిపెట్టనివ్వకండి.

ఒక్క మాట, ఇందులో వెటకారం లేదు. ఏది తిన్నా సరే, పెదవులు వాచి, దద్దుర్లు లేచి, ఊపిరి ఆడకపోతే ఈ కాగితం అవతల పారేసి 108కి ఫోన్ చేయండి.

తిండిని తప్పుగా అనుమానించడంలో మనది పాత చెయ్యి. 2005 చివర్లో రాయలసీమలో మొదలై 2006లో దేశమంతా పాకిన చికున్‌గున్యాను ఇక్కడ చాలామంది "చికెన్ గున్యా" అన్నారు, కోడి తినడం మానేశారు. తెచ్చింది దోమ. మొదటిసారి 1952లో టాంజానియాలో బయటపడిన ఆ జబ్బుకు పేరు మకొండే భాషలోది, ఒళ్లు వంగిపోవడం అని దాని భావం. జ్వరం వారంలో పోయినా కీళ్లు నెలలకు నెలలు పట్టేశాయి. చెంబు పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య నొక్కి ఎత్తినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అప్పుడూ అదే మాట విన్నారు వాళ్లు: జ్వరం పోయింది కదా.

పడని తిండి మానెయ్యడం మొదలుపెడితే మాత్రం సగంలో ఆగొద్దు. ఒక్కో పదార్థాన్ని రెండు మూడు వారాలు ఆపి చూసి, మళ్లీ కొంచెం తిని చూసి, నోటుబుక్కులో రాసుకోవడం పిరికివాళ్ల పద్ధతి. సోమవారం పొద్దున పాలు, గోధుమ, పప్పు, పులుపు, నూనె, టమాటా అన్నీ ఒకేసారి ఆపేయండి. ఏది పడలేదో ఈ జన్మలో తెలియదు. నెత్తురు చుక్క పంపితే రెండొందల పదార్థాల జాబితా ఇచ్చే పరీక్షలు ఉన్నాయి, వేలు పోయండి. తిన్నదానికి శరీరం మామూలుగానే తయారుచేసుకునే ఐజీజీ యాంటీబాడీలను చూసి తిండి పడదని తేల్చకూడదని అలర్జీ వైద్యుల సంఘాలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. నాకు వచ్చిన జాబితాలో నేను పుట్టి తినని చేపలే పదకొండు ఉన్నాయి. వాటిని నిష్ఠగా మానేశాను.

నీరసానికి సెలైన్. ఐదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాములు, అంటే ఓ ఆరు చెంచాల చక్కెర. టీలో వేసుకుంటే రెండు రూపాయలు కాదు. కానీ టీ గ్లాసును మేకుకు వేలాడదీసి, చుట్టాలు చుట్టూ కూర్చోరు కదా.

డాక్టరు దగ్గరికి వెళ్తే "కొంచెం నీరసం సార్" అని మాత్రమే చెప్పి రండి. ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే ఎన్ని గంటలకు కూలబడుతున్నారు అనేది కాగితం మీద రాసుకుని పోవద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, బి12 చూడమని అడగొద్దు, వాటిలో ఏదో దొరికి మందు పనిచేస్తే ప్రమాదం. బరువు తగ్గిపోతున్నా, మలంలో రక్తం కనపడినా, ఛాతీలో నొప్పి వచ్చినా "పోతుందిలే" అనుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరికీ చెప్పొద్దు. దీనికి మా కోటే ఉదాహరణ. హైదరాలీ ముట్టడించినప్పుడు మురారిరావు ఘోర్పడే దగ్గర తుపాకులకు కొదవలేదు, గోడలు చెక్కుచెదరలేదు. నీళ్లు అయిపోయాయి, అంతే. సంధి మాటల్లో బందీగా వెళ్లిన కుర్రాడు ఒకడు, పెట్టిన భోజనానికి పొంగిపోయి, పైన నీళ్లు మూడు రోజులకు మించి లేవని నోరుజారాడని కథగా చెబుతారు. హైదరు సంధి పక్కన పెట్టి కూర్చున్నాడు. 1776లో కోట పోయింది. కాబట్టి మీ నీటిమట్టం ఎంతో ఇంట్లోవాళ్లకు కూడా తెలియనివ్వకండి. కింద నుంచి చూసేవాళ్లకు గోడలు బాగానే ఉన్నాయి, చాలు.

(అదే మద్రాసు గవర్నరు మన్రో దొరను చూడండి. 1827 జూలై 6న పత్తికొండలో కలరా వచ్చి ఒక్క రోజులో పోయాడు, గుత్తిలో పూడ్చారు, 1831లో మద్రాసుకు తీసుకుపోయారు. ఆ రోగం ఏదో ఒకటి తేల్చేసేది. ఇది తేల్చదు.)

ఇంట్లో ఆడవాళ్లకు వస్తే ఈ చిట్కాలేవీ అక్కర్లేదు, వాళ్లు ఎలాగూ పాటిస్తారు. నాకు జ్వరం వచ్చిన వారమే మా ఆవిడకూ వచ్చింది. నా నోటి నురగ కడిగింది ఆమే, తెర లాగింది ఆమే. జొన్నరొట్టెలు పోయి రోజూ అన్నమే వస్తోందని గమనించాను, నా కడుపు కోసమేమో అనుకున్నాను. నాలుగు నెలల తర్వాత ఒకనాడు వంటింట్లోకి వెళ్తే, పొయ్యి ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. పీట మీద సగం తట్టిన రొట్టె. రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. "రొట్టె తట్టను చేతులు లేస్తల్యా" అంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే, "నీతో పాటే" అంది. ఆమెను ఎవరూ కోట ఎక్కమనలేదు. ఎక్కమనాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు ఇద్దరం నయమే, పొద్దున పూట ఎక్కువ నయం. మా ఇంటికి వచ్చేవాళ్లు పదకొండు లోపల రండి, అరగంటలో లేవండి. పాలకోవా తేవద్దు. బొరుగులు తెండి. బాగానే కనపడ్తాండారే అని మాత్రం అనకండి.