మైదానంలో వాటాదారులు

ఆదివారం పొద్దున వాట్సాప్‌లో ఒక ఆహ్వానం వచ్చింది. మా వార్డు ఆట మైదానాన్ని ఆధునికీకరించబోతున్నారట, అందుకని ముందుగా ‘వాటాదారుల సంప్రదింపుల సదస్సు’ పెడుతున్నారట, తప్పక రావాలట. స్టేక్‌హోల్డర్ అన్న మాటకు మునిసిపాలిటీవారు చేసిన తెలుగు అది. చదవగానే నవ్వొచ్చింది. కాసేపటికి, నవ్వి తప్పు చేశాననిపించింది. ఇంత నిజాయతీ గల అనువాదం సర్కారు కాగితం మీద నేనెన్నడూ చూడలేదు.

సదస్సు బుధవారం పదకొండు గంటలకు. మా మైదానంలో మనుషులు కనపడేది పొద్దున అయిదు నుంచి ఏడున్నర దాకా, మళ్లీ సాయంత్రం బడి వదిలాక. పదకొండింటికి అక్కడ ఉండేవి రెండు బర్రెలు, ఒక డ్రైవింగ్ స్కూలు కారు. వాటిని మాత్రం ఎవరూ పిలవలేదు.

నేను వెళ్లేసరికి షామియానా లేచింది, అదీ సరిగ్గా పిచ్ మీద. కాలనీ పిల్లలు ఎండాకాలం సెలవులంతా బిందెలతో నీళ్లు మోసి, ఎవరో ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు పైపును రోలరులా దొర్లించి చదును చేసుకున్న జాగా అది. బౌలరు బంతి వేయాలనుకునే చోటే చూసుకుని టెంట్ హౌస్ కుర్రాడు గడ్డపారతో గుంత తీసి, మేకు దిగ్గొట్టి, తాడు బిగించాడు. సంప్రదింపులు అలా మొదలయ్యాయి.

చట్టానికి లోటు లేదు. తెలంగాణ మునిసిపాలిటీల చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలుండాలి. యువతకొకటి, మహిళలకొకటి, వయోవృద్ధులకొకటి, ప్రముఖ పౌరులకొకటి. ఒక్కో దాంట్లో 15 మంది చొప్పున వార్డుకు 60 మంది. మా యువత కమిటీ నుంచి వచ్చినాయన మోకాలికి బెల్టు కట్టుకుని, పట్టుకోవడానికి కుర్చీ వెతుక్కుంటూ వచ్చాడు. మహిళా కమిటీ తరఫున సభ్యురాలి భర్త వచ్చాడు. ప్రముఖ పౌరులు మాత్రం ఒక్కరూ తగ్గలేదు. టిఫిన్ ఉందని ముందే తెలిసినట్టుంది.

కన్సల్టెంటు ల్యాప్‌టాప్ తెరిచాడు. రెండు బాక్స్ క్రికెట్ వలలు, గంటల లెక్కన అద్దె, బుకింగుకు యాప్. చుట్టూ టైల్స్ పరిచిన వాకింగ్ ట్రాక్. గేటు దగ్గర ఫుడ్ కోర్టు, దానికి పార్కింగు. పిల్లలు ఊరికే ఆడుకోవడానికి ప్లానులో ఆకుపచ్చ రంగేసి ఒక మూల చూపించాడు. ఆ మూల నాకు బాగా తెలుసు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది.

ఇక ప్రజాభిప్రాయం. “ప్రహరీ గోడకు నీలం వేయమంటారా, నారింజ వేయమంటారా?”

ప్రముఖ పౌరులు రెండు పక్షాలై అరగంట వాదించుకున్నారు. అప్పుడు వెనక వరసలోంచి, ఆస్పత్రిలో ఆయాగా చేస్తూ ఆ పూట సెలవు పెట్టుకుని వచ్చిన ఒకావిడ లేచింది. “సార్, గోడకు ఏ రంగన్న ఏస్కోండ్రి. లోపల ఆడోళ్లకు ఒక్క బాత్రూం కట్టుండ్రి. పొద్దుగాల నడవనీకి వచ్చినంక మస్తు తిప్పలైతుంది.”

“నోట్ చేసుకున్నాం మేడమ్,” అన్నాడు కన్సల్టెంటు. నేను పక్కనే కూర్చున్నాను గనక పుస్తకంలోకి తొంగి చూశాను. ‘మహిళల నుంచి విశేష స్పందన’ అని రాసుకున్నాడు.

రిటైరైన డ్రిల్లు సారు కబడ్డీకి మట్టి కోర్టు ఒక్కటి వదలమన్నాడు. ఆయన మాట పూర్తికాకముందే ఉప్మా వచ్చింది.

1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే అమెరికా ఆవిడ ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా గీసి చూపించింది. అట్టడుగున జనాన్ని బుట్టలో వేసుకోవడం, చిట్టచివర జనం చేతికే పెత్తనం. సంప్రదింపులు ఎక్కడో నడిమెట్టు, అడగడమే తప్ప వినాలన్న పూచీ లేని మెట్టు. పాపం, ఆమె వైకుంఠపాళి ఆడినట్టు లేదు. మా వార్డులో నిచ్చెన ఒక్కటే ఉంటుంది, అదీ పాము నోటి దగ్గరికి చేర్చడానికి.

పల్లెల్లో ఈ సదస్సుల బెడదైనా లేదని సంతోషించకండి. 2022 జూన్ 2న తెలంగాణలో ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టారు. ఆలోచన బంగారం. స్థలం ఎక్కడ అనేది మాత్రం ఆడేవాళ్లను కాదు, రికార్డులో ఖాళీగా ఉన్న సర్వే నంబరును అడిగి తేల్చిన ఊళ్లున్నాయి. అలా ఊరికి దూరంగా పడిన చోట్ల బోర్డు నిలబడింది, దాని చుట్టూ తుమ్మ మొలిచింది. ఆడుకునే పిల్లవాణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే, చీకటి పడ్డాక అటు అమ్మ పంపదని చెప్పేవాడు.

బెంగళూరులో ఒక కాలనీవాళ్లు ఇంత ఓపిక పట్టలేదు. పార్కుకని వదిలిన జాగాను నర్సింగ్ హోముకు కట్టబెడితే కోర్టుకెక్కారు. ఆ జాగాతో మీకేం సంబంధమన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లి అక్కడ వీగిపోయింది. అక్కడ బతికేవాళ్లకు అడిగే హక్కుందని 1991లో తీర్పొచ్చింది. మా ప్రముఖ పౌరులకు ఈ కబురు ఇంకా చేరలేదు.

సదస్సు ముగిశాక రిజిస్టరులో సంతకాలు పెట్టించారు, ఫొటో దిగాం. మర్నాటి పేపర్లో ‘ఏకగ్రీవ ఆమోదం’ అని వచ్చింది. సాయంత్రం పిల్లలు బ్యాట్లతో వచ్చి మేకు గుంత చూసి కాసేపు నిలబడ్డారు, పిచ్‌ను మూడడుగులు పక్కకు జరుపుకున్నారు. వికెట్లకు టెంటు వేసిన చోటికి వెనక గోనెపట్టా కప్పిన రాయొకటి దొరికింది. పట్టా జారితే చూశాం, శంకుస్థాపన శిలాఫలకం. దాని మీద చెక్కిన తారీఖు సదస్సుకు వారం ముందుది.

“అంకుల్, ఇగ మేమేడ ఆడుకోవాలె?” అన్నాడు కీపరు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూపించలేకపోయాను.

అభ్యంతరాలు రాసివ్వడానికి శుక్రవారం సాయంత్రం 5 గంటల దాకా గడువుంది. మా వార్డువాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక తెల్లకాగితం తీసుకుని రండి. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవడం మరవొద్దు. పిల్లల చేత కూడా సంతకాలు పెట్టించండి. పద్దెనిమిది నిండలేదని కాదంటే, ఆ మాటే కాగితం మీద రాసిమ్మనండి.