పొగమాంసమును, రామెనును భుజింపబోవు పెద్దమనుష్యులకు కొన్ని నియమములు

టెక్సస్ రాష్ట్రమున డల్లస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరముల పరిసరములందు కాపురములు పెట్టుకొన్న మన తెలుగువారి యిండ్లకు వేసవిలో తల్లిదండ్రులును, అత్తమామలును విచ్చేయుట పరిపాటి. వచ్చినవారిని తొలి శనివారము గుడికిని, మలి శనివారము హ్యూస్టన్‌లోని అంతరిక్షకేంద్రమునకును త్రిప్పి తెచ్చిన పిమ్మట, మూడవ శనివారమున ఏమియు తోపక, ఊరిలో పేరుమోసిన బార్బెక్యూ అను పొగమాంసపు దుకాణమునకో, రామెన్ అను జపాను నూడుల్సు దుకాణమునకో తోడ్కొనిపోవుదురు. అట్టి సమయమున మన పెద్దమనుష్యుడు తన గౌరవమునకు భంగము రాకుండ, పరుల వంట తన నాలుకను లోబఱచుకొనకుండ ఎట్లు మెలగవలయునో తెలుపు గ్రంథ మింతవరకు వెలువడకపోవుట పెద్ద కొఱత. దానిని కొంతవఱకైనను తీర్చుటకే యీ ప్రయత్నము.

బార్బెక్యూకు పోవువారు తొందరపడరాదు. బ్రిస్కెట్ అనబడు ఆవు ఱొమ్ముమాంసము స్వభావముచేత బిరుసైనది. అందలి కొలాజెన్ కరగి జిగురగుటకు, పోస్ట్ ఓక్ కట్టెల పొగయందు, 225 మొదలు 275 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిమిలో, పండ్రెండు గంటలో అంతకు మించియో పట్టును. నడుమ ఒకచో చెమ్మ ఆవిరియగుచు మాంసమును చల్లబఱచుటచేత లోపలి వేడిమి గంటల తరబడి పెరుగక నిలిచిపోవుటయు కలదు. కావున నిన్న రాత్రి పొగపెట్టెలోనికి ఎక్కనిది నేటి మధ్యాహ్నము ఎంతటివాడు కోరినను దిగదు. ఉన్నది చెల్లగనే తలుపునకు పలక తగిలించి వంటవారు నిద్రకు పోవుదురు. ఈ మర్మ మెఱిగిన స్థానికులు ప్రొద్దుననే మడతకుర్చీలతో వచ్చి వరుసలో కూర్చుందురు. మన పెద్దమనుష్యుడు మాత్రము ఇంటియొద్ద ఉప్మా పెసరట్టు సేవించి, కాఫీ రెండు దఫాలు త్రాగి, ఒక కునుకు తీసి, ఒంటిగంటన్నరకు కారెక్కి, ఆ పలకను చదివించుకొని, “ఇంకో వాయి వెయ్యడానికి వీళ్ళకేం రోగమయ్యా?” అని అల్లుని నిలదీయవలయును.

వరుసలో నిలుచుట పరువుతక్కువ యని తలంచువారికి పూర్వోదాహరణ మొకటి లేకపోలేదు. 2009లో ఆస్టిన్ నగరమున ఒక ట్రెయిలరునందు మొదలై, కొలదికాలములోనే గంటలకొలది వరుసలకు ప్రసిద్ధి గాంచిన ఫ్రాంక్లిన్ బార్బెక్యూకు, 2014 జూలైలో అప్పటి అధ్యక్షుడు ఒబామా విచ్చేసి, నిలుచున్నవారిని దాటి ముందునకు పోయి, అందులకు బదులుగా తన వెనుకవారి భోజనమునకు సొమ్ము తానే చెల్లించెను. కావున వరుస తప్పదలచినవారు మొదట అమెరికా అధ్యక్షపదవికి ఎన్నికై, పిదప వెనుకవారి ఖర్చు భరించుటకు సిద్ధపడినచో ఎవ్వరును ఆక్షేపింపరు. ఈ రెండు షరతులలో మనవారికి దుష్కరమైనది రెండవదే యని నా అభిప్రాయము.

బల్లను సమీపించినంతనే కత్తి పట్టిన మనిషి, క్రొవ్వు తక్కువ వైపునుండి కోయవలయునా, క్రొవ్వుగల మెత్తని వైపునుండియా అని యడుగును. అంతవఱకు వరుసలో నిలిచినంతసేపును అమరావతి రాజధానిని గూర్చియు, హైదరాబాదు స్థలముల ధరలను గూర్చియు ముచ్చటించి, ఈ ప్రశ్న చెవిని బడిన తఱినే కుటుంబసభ యారంభింపవలయును. సరకు పౌనుల లెక్కను తూచి యిచ్చునది గనుక, పౌనునకు ఎన్ని ముక్కలు వచ్చును, ఎముక తూకములో చేరునా, చేరినచో ఏల చేరును, ఇత్యాది ధర్మసందేహములను వెనుకనున్న నలుబదిమంది సమక్షమున తీర్చుకొనుట మంచిది. గోమాంసము ముట్టనివారు, మనలో వారే పెక్కుమంది, టర్కీ కోడినో పంది ప్రక్కటెముకలనో కోరుట తెలివియే. సాసేజి సంగతి మాత్రము అడిగి తెలిసికొనవలసినది, ఏలయన ఈ ప్రాంతపు సాసేజిలో గోమాంసము తఱచు చేరును. అయితే తినుటకు ముందే యడుగుట తొందరపాటు. సగము తిన్న పిమ్మట, మిగిలిన సగమును చేతబట్టుకొని, అల్లుని మొగము తేఱిపాఱ చూచుచు అడిగినచో, ఆ సాయంకాలమంతయు సంభాషణకు విషయము లోపింపదు.

ఇక కోరినది వచ్చును. పొగ తగిలిన మాంసమున, నల్లని పైపొఱ క్రింద, గులాబివన్నె వలయ మొకటి కనబడును. పొగలోని వాయువులు కండరమునందలి మయోగ్లోబిన్‌తో చేరి ఎఱుపును నిలిపివేయుటచే అది కలుగును గాని అందు పచ్చిదన మేమియు లేదు. దానిని నేర్పుతో రప్పించుటకు వంటవాడు రాత్రి మేలుకొన్నాడు. తక్షణమే ముక్కను వెలుతురునకెత్తి పరీక్షింపుడు.

“మామయ్యగారూ, అది పచ్చి కాదండీ, పొగవల్ల వచ్చిన రంగు.”

“అయితే మరేం పర్వాలేదు, ఇంకాస్త వేయించి తెమ్మనవయ్యా. వేయిస్తే పోతుంది.”

ఈ మాటకు మాఱుమాట పలుకగల అల్లుడు ఇంతవఱకు పుట్టలేదు.

కంచ మెక్కడ యని యడుగుట కూడ మీ హక్కే. 19వ శతాబ్దమున మధ్య టెక్సస్‌కు వలసవచ్చిన జర్మన్, చెక్ కసాయివారు అమ్ముడుపోని మాంసమును పొగబెట్టి కాగితమున చుట్టి యమ్మగా, కొన్నవారు అచ్చటనే నిలుచుండి తినుట అలవాటై, నేటికిని కాగితముపైననే మాంసమును, తెల్లరొట్టెను, ఉల్లిచీలికలను, ఉప్పునీట ఊరిన దోసముక్కలను పెట్టి యిచ్చుచున్నారు. తూర్పు టెక్సస్ నల్లజాతివారి పొగశాలల సంప్రదాయము వేఱు. అచ్చట మాంసము మఱింత మెత్తన, సాస్‌కు గౌరవ మధికము. కాని నియమనిష్ఠలలో లాక్‌హార్ట్‌ను మించినది లేదు. 1999లో శాసనసభవారు బార్బెక్యూ రాజధాని యని ప్రకటించిన యీ చిన్న యూరిలో, 1900 నాటి క్రైట్స్ మార్కెట్‌ను గూర్చి తోబుట్టువులకు పంపకము వచ్చి, కట్టడము సోదరికిని, పేరు సోదరునికిని దక్కినవి. ఆ 1999వ సంవత్సరముననే ఆ సోదరుడు పాత పొయ్యిలోని నిప్పుకణికెలను తొట్టెలో పెట్టించి, వీథి వెంట ఈడ్పించుకొనిపోయి, క్రొత్త కట్టడములోని పొయ్యిని వానితోనే రగిలించెను. గార్హపత్యాగ్నిని ఇల్లు మార్చుకొను ఆహితాగ్నికి సైతము అంతకన్న శ్రద్ధ యుండబోదు. ఆ దుకాణమున చిరకాలము ముళ్ళచెంచాకుగాని, సాస్‌కుగాని తావులేకుండెను. అట్టి వంశమునకు చెందిన పొగశాలలో కూర్చుండి, చేతిసంచినుండి ఆవకాయ సీసా వెలికిదీసి, దాని మూతను అందఱు వినునట్లు తిప్పుటలో గల ధైర్యమును తక్కువగా అంచనా వేయరాదు. పుట్టినది మొదలు చేతితో తిన్నవారు అచ్చట మాత్రము ప్లాస్టిక్ ముళ్ళచెంచాకై పట్టుబట్టుటయు శోభస్కరమే.

రామెన్ దుకాణపు ధర్మము వేఱు. ఇచ్చట ఆలస్యమంతయు ముందే వంటవాడు ఖర్చుచేసియుండును. తినువానికి మిగులునది తొందర యొక్కటే. పంది యెముకలను పెద్దమంటపై అనేక గంటలు తెర్లింపగా క్రొవ్వును నీరును విడదీయరాకుండ కలిసి తెల్లగా చిక్కబడినదే టోన్కోట్సు రసము. గిన్నె యడుగున టారే యను ఉప్పని సారమును, దానిపై ఈ రసమును, పరిమళతైలమును పోసి, కాన్సుయి యను క్షారజలముతో పిసికిన పిండితో చేసిన నూడుల్సును అందు దింపుదురు. దింపిన క్షణమునుండి అవి మెత్తబడుచునే యుండును. జపానువారు జుఱ్ఱుమని చప్పుడు చేయుచు వేడివేడిగా లాగికొనుట అందులకే. మన పెద్దమనుష్యుడు మొదట గిన్నెను కిటికీవైపు జరిపి ఛాయాచిత్రము తీయవలయును. గ్రుడ్డు సగమునకు కోయబడి, పచ్చసొన కాఱీకాఱనట్లుండగా, దానిని దగ్గఱనుండి మఱియొకటి తీయవలయును. పిదప విజయవాడలో అప్పుడే పండ్లు తోముకొనుచున్న బావమఱదికి వీడియో కాలు చేసి, గిన్నెను చుట్టును త్రిప్పి చూపి, ఆయన “అందులో పురుగులేమైనా ఉన్నాయేమో చూసుకో బావా” అని హెచ్చరించిన పిమ్మట చెంచా నెత్తవలయును. అప్పటికి నూడుల్సు గిన్నెనిండ ఉబ్బి, రసము కనబడక, రెండు వంతులు వచ్చినట్లు తోచును. ఇది లాభమే గదా.

అదనముగా నూడుల్సు తెప్పించుకొను కయెదమా యను సదుపాయము కొన్ని దుకాణములందు కలదు. ఇది ఫుకువోకా నగరపు నగహామా చేపలబజారులో, నిలుచుండి తిని పరుగెత్తు పనివారికొఱకు పుట్టినదందురు. మిగిలిన రసములోనే రెండవమాఱు నూడుల్సు వేయుదురు గనుక, రసమును దాచుకొన్నవానికే అది యుపయోగము. మీరు రసమును తుదిచుక్కవఱకు త్రాగి, గిన్నెను బోర్లించి చూపి, ఆపైన కయెదమా కోరుడు. వట్టి నూడుల్సు వచ్చినచో “ఇది మ్యాగీయే కదా!” యని నిట్టూర్చుటకు అవకాశము చిక్కును. 1958లో మొమొఫుకు ఆండో రామెనునే నూనెలో వేయించి, వేడినీట నానిన చాలునట్లు చేయుటచేత తక్షణ నూడుల్సు పుట్టినవనియు, మ్యాగీ ఆ సంతతిలోనిదేననియు ఎవరైన చెప్పవచ్చినచో వినరాదు.

శాకాహారులు టోఫూ ఉన్న గిన్నెను చూపి “వెజ్” అని నిశ్చింతగ ఉండుడు; టోఫూ క్రింది రసము ఎముకలదా, కూరగాయలదా, అందలి టారేలో ఎండుచేప కలసినదా అని విచారించుట వంటవానికి అతని పని నేర్పినట్లగును. ఒక్క సాయంకాలములోనే రెండు విధముల అసంతృప్తిని గడింపగోరువారికి, టెక్సస్ పొగశాలను ఇజకాయా యను జపాను పానశాలతో ఒక కప్పు క్రింద చేర్చి 2017లో ఆస్టిన్‌లో తెఱచిన కెమురి తత్సు-యా వంటి చోట్లు అనుకూలములు.

సొమ్ము చెల్లించు ఘట్టము మనవారికి సహజముగనే వచ్చును; చెప్పవలసినది స్వల్పము. రామెన్ దుకాణమున బిల్లు బల్లకడకే వచ్చును గనుక లాగులాట కూర్చుండియే నడపవచ్చును; బార్బెక్యూలో ముందే చెల్లింపవలసియుండుటచే, “నేనిస్తాను”, “అబ్బే, మీరు పెద్దవారు, మీరివ్వకూడదు” అను పెనుగులాట వరుసకు అడ్డముగ నిలుచుండి చేయక తప్పదు. అంతలో గల్లాపెట్టె పిల్ల చిన్న తెరను మీవైపు త్రిప్పి, నూటికి 18, 20, 22 అని మూడు అంకెలు చూపి, మర్యాదకై కప్పువైపు చూచును. అప్పుడు డాలర్లను రూపాయలకు మార్చి బిగ్గఱగా పలుకవలయును.

ఇల్లు చేరిన పిమ్మట కర్తవ్య మొక్కటి మిగిలియుండును. 2024 నవంబరులో భోజనశాలలకు నక్షత్రములిచ్చు మిషెలిన్ వారు టెక్సస్‌కు తొలిసారి వచ్చి, నాలుగు బార్బెక్యూ దుకాణములకు తలకొక నక్షత్రము మాత్రమే యిచ్చిపోయిరి. మన పెద్దమనుష్యుడు అంతటి లోభి కాడు. పెరుగన్నము తిని, చేయి కడిగికొని, మనుమరాలిచేత ఫోను తెఱపించి, అయిదింట మూడు నక్షత్రములు ఉదారముగ ప్రసాదించి, క్రింద నిట్లు వ్రాయింపవలయును: “మాంసం ఫర్వాలేదు. అన్నం పెట్టరు. పార్కింగు బాగుంది.”