వార్తలు వాగుతున్నది...

మా తాటిపాక సెంటర్లో పొద్దున్నే ఒక్క పేపరు ఆరు ముక్కలవుతుంది. మొదటి షీటు రిటైరైన మాస్టారికి, వ్యాపారం పేజీ రొయ్యల చెరువుల ఆసామికి, సినిమా పేజీ ఎవరికి ముందు చిక్కితే వాళ్లకి. జిల్లా పేజీలు మాత్రం టీ కొట్టాయనకి. ఆయన వాటిని చదవడు, సాయంత్రం బజ్జీలకి దాస్తాడు. ఈ పంపకంలో పాతికేళ్ల లోపు వాళ్లెవరూ వాటా అడగరు. చెవుల్లో తెల్ల పుల్లలు పెట్టుకుని, బళ్ల మీద కూర్చుని, తమలో తాము నవ్వుకుంటూ ఉంటారు.

ఇది తలుచుకుని దేశంలో చాలామంది పెద్దలకి నిద్ర పట్టడం లేదు. యువత వార్తలకి దూరమైపోతోందట! మందు కూడా వాళ్లే కనిపెట్టారు. పాడ్‌కాస్ట్. వార్తని మెత్తగా నూరి, కాస్త తేనె రంగరించి, ఉగ్గుగిన్నెతో చెవిలో పొయ్యాలి. పందొమ్మిదేళ్ల కుర్రాడు ఓటు వెయ్యగలడు. చించినాడ వంతెన మీద ముగ్గురిని ఎక్కించుకుని పోలీసులకి దొరక్కుండా పోగలడు. ఐపీఎల్ వేలంలో ఎవడు ఎన్ని కోట్లకి పోయాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. వార్త ఒక్కటే అరగదు పాపం.

మా వీధి కుర్రాడొకడు ఈ సేవకి నడుం కట్టాడు. వాళ్ల నాన్న కొబ్బరికాయలు రాశి పోసే గది ఖాళీ చేయించి స్టూడియో పెట్టాడు. రెండు మైకులు, రెండు కుర్చీలు, గోడకి ఊదారంగు లైటు, మూల ఒక ప్లాస్టిక్ మొక్క. కిటికీ తీస్తే నాలుగెకరాల కొబ్బరితోట!

"ప్లాస్టిక్ మొక్క దేనికిరా?" అన్నాను.

"ఫ్రేములో గ్రీనరీ ఉండాలి బాబాయ్."

"ఇది వినేది కదా, ఫ్రేమేంటి?"

"ఇప్పుడు వినేవాళ్లు కూడా చూస్తారండీ, ఆయ్."

మొదటి ఎపిసోడ్ ట్రంప్ మీద. గంటా నలభై నిమిషాలు. 2025 ఆగస్టు 27న మన సరుకులో చాలాదాని మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది కదా, అదన్నమాట సందర్భం. ట్రంప్ మనస్తత్వం, పుతిన్ చదరంగం, డాలరు పతనం, ఇల్యూమినాటి వరసగా వచ్చాయి. రొయ్య అన్న మాట ఒక్కసారే వచ్చింది, అదీ గెస్టు మధ్యాహ్నం ఏం తిన్నాడో చెప్పినప్పుడు. తోట దాటితే వాళ్ల పెదనాన్న చెరువు. మన దేశంలో రొయ్య ఎక్కువగా పెంచేది మన రాష్ట్రం, మన రొయ్య ఎక్కువగా కొనేది ఆ ట్రంప్‌గారి దేశం. వాషింగ్టన్‌లో ఆయన సంతకం పెడితే ఇక్కడ కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) రేటు కింద పడుతుంది. మేత బాకీ మాత్రం పడదు. ఇంత అంతర్జాతీయ వ్యవహారం కిటికీ అవతలే ఉంటే, మావాడు ఆ కిటికీని గట్టిగా మూశాడు. ఏరియేటర్ల చప్పుడు రికార్డింగులో పడుతోందట.

ఇలాంటి వాళ్లందరికీ ఇష్టదైవం ఒకటి అమెరికాలోనే ఉంది. న్యూయార్క్ టైమ్స్ వాళ్లు 2017 ఫిబ్రవరిలో మొదలెట్టిన 'ది డైలీ'. రోజుకి దాదాపు ఒకే విషయం, అరగంట అటూ ఇటూ. అందులో మైకేల్ బార్బారో అనే ఆయన ఎదుటివాళ్లు చెప్పేది విని మధ్యమధ్యలో "హుఁ" అంటాడు. ఆ హుఁ ప్రపంచ ప్రసిద్ధం. మనవాళ్లు దాన్ని యథాతథంగా దిగుమతి చేసుకున్నారు, దాని మీద సుంకం లేదు గనక. కాకపోతే ఆయన హుఁకి ఎదురుగా కూర్చునేది సాధారణంగా ఏ కోర్టులోనో, ఏ యుద్ధం మధ్యనో తిరిగొచ్చిన ఆ పత్రిక విలేకరి. మావాడి హుఁకి ఎదురుగా కూర్చున్నది హాస్టల్లో వాడి పక్క మంచం వాడు.

అయినా హుఁ మనకి కొత్తా? బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుండేవారు. ఒకాయన రాజకీయం, ఒకాయన హాస్యం. కథ బొబ్బిలి యుద్ధంలో ఉండగానే రాజకీయం ఆయన ఆ ఏటి ధరల సంగతి లాగేవాడు, హాస్యం ఆయన దానికో చురక అంటించేవాడు. తందాన తాన అంటే మన హుఁ అనుకోండి. షేక్ నాజర్ 1943 నాటి బెంగాల్ కరువుని ఇలాగే కథ కట్టి ఊరూరా చెబితే, పేపరు ముఖం చూడని కుర్రాళ్లు తెల్లవార్లూ కదలకుండా విన్నారు. మద్రాసు సర్కారూ నిజాం సర్కారూ బుర్రకథని నిషేధించేదాకా వెళ్లాయి. ఏ పాడ్‌కాస్టరుకైనా అంతకి మించిన రేటింగు ఉంటుందా? మావాణ్ణి నిషేధించే ఆలోచన ప్రస్తుతానికి ఏ ప్రభుత్వానికీ ఉన్నట్టు లేదు.

వాడి రెండో ఎపిసోడ్‌లో ఒక లోకల్ సెగ్మెంట్ కూడా ఉంది. మురుగుకాలవ పూడిక తియ్యక చేలు మునుగుతున్నాయన్న వార్త. మంచిదే. కానీ అది వాడి చెవిదాకా వచ్చిన దారి చూడండి. ముందు మండల విలేకరి ఒకాయన ప్యాంటు మడిచి కాలవ గట్టెక్కాడు. రైతుల్ని అడిగాడు, ఫోటో తీశాడు, డ్రైనేజీ ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఆయన రాసింది జిల్లా పేజీలో అరచెయ్యంత వచ్చింది. దాన్ని ఒక యాప్ మూడు ముక్కలు చేసింది. ఆ మూడు ముక్కల్ని మావాడు చదివి ఇరవై నిమిషాలు బాధపడ్డాడు. యాప్‌కి ప్రకటనలొచ్చాయి, మావాడికి వ్యూసొచ్చాయి, టీ కొట్టాయనకి బజ్జీ కాగితం వచ్చింది. విలేకరికి అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంటు వస్తుంది, వస్తే. దసరాకి యాడ్ల టార్గెట్ మాత్రం తప్పకుండా వస్తుంది. వార్తని యువతకి చేరువ చెయ్యాలని సదస్సుల్లో మాట్లాడే పెద్దలెవరూ ఈయన పెట్రోలు ఖర్చు గురించి ఎత్తగా నేను వినలేదు.

వార్త కష్టమైనది గనక కుర్రాళ్లు వినడం లేదన్న మాట ఈ చుట్టుపక్కల ఎవరూ నమ్మరు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుంది. 65 రోజులు ఆరలేదు. ఆ మంటని ఎవరూ యూత్‌ఫుల్‌గా విడమర్చి చెప్పక్కర్లేకపోయింది, ఊళ్లకి ఊళ్లు రాత్రుళ్లు దాని వెలుగులో గడిపాయి. 2014 జూన్ 27 తెల్లవారుజామున పక్కనున్న నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాస్ పైపు పేలింది. ఇరవై మందికి పైగా పోయారు. గ్యాసు వాసనొస్తోందని ముందే మొత్తుకున్నామని ఊరివాళ్లు అప్పుడు అన్నారు. వాసనొస్తోందన్న ఆ మాట పేలకముందు గట్టిగా వినబడాల్సిన వార్త. దానికి మైకు పెట్టినవాళ్లు లేరు. పేలిన తరవాత హైదరాబాద్ నుంచి, ఢిల్లీ నుంచి మైకులొచ్చాయి. ఇక్కడ నేను వ్యంగ్యం రాయలేను, క్షమించండి. పైపులు ఇప్పటికీ చేలకింద నుంచే పోతున్నాయి.

ఇంకోటి. 2022 మే 24న జిల్లా పేరు గొడవలో అమలాపురం తగలబడింది. ఆ సాయంత్రం నుంచి రమారమి రెండు వారాలు కోనసీమకి ఇంటర్నెట్ లేదు. ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేరు పిల్లలు లాప్‌టాప్‌లు సంకన పెట్టుకుని సిగ్నల్ కోసం గోదారి గట్లకి పరిగెత్తారు. ఏం జరుగుతోందో తెలియక కుర్రకారు అల్లాడిన రోజులవి, వార్త కోసం అంత ఆకలి నేను ఎన్నడూ చూడలేదు. అప్పుడు పాడ్‌కాస్టు లేదు, యాప్ లేదు. సెంటర్లో ఆ ఆరు ముక్కల పేపరు ఏడు ముక్కలయింది. జిల్లా పేజీల మీద మొదటిసారి బజ్జీ పడలేదు.

ఆ రోజుల్లో గాలిలో నడిచింది విజయవాడ ఆకాశవాణి. 1948 డిసెంబరు 1 నుంచీ ఉన్న కేంద్రం. అది చదివే ప్రాంతీయ వార్తలు ఇప్పుడు ఫోన్లో కూడా దొరుకుతాయి. నవ్వులుండవు, హుఁ ఉండదు, పది నిమిషాల్లో అయిపోతుంది. అంటే సర్కారుకి పాడ్‌కాస్ట్ ఎప్పటినుంచో ఉందన్నమాట, ఆ సంగతి సర్కారుకే తెలియదు. ప్రైవేటు ఎఫ్ఎంలకి మాత్రం సొంత వార్తలు నిషిద్ధం. 2011 నాటి విధానం ప్రకారం ఆకాశవాణి బులెటిన్‌ని మార్పు లేకుండా వినిపించుకోవచ్చు, అంతే. గంటకి పది నిమిషాలు వార్తలకి వదలండని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది. రేడియో వాడు మురుగుకాలవ గురించి మాట్లాడితే దేశానికి ప్రమాదం, మావాడు ఇల్యూమినాటి గురించి మాట్లాడితే ఫరవాలేదు.

ఇదంతా నా నోట విని మావాడు నొచ్చుకున్నాడు. నొచ్చుకుని, నిజంగానే మైకు తీసుకెళ్లి పెదనాన్న చెరువు గట్టు మీద కూర్చున్నాడు. పెదనాన్న పదకొండు నిమిషాలు మాట్లాడాడు. వంద కౌంటు ఎంతకి అమ్మాడు, సీడు ఎక్కడిది, మేత బస్తా ఎంత, కరెంటు బిల్లు ఎంత, కొనేవాడు పట్టుబడి రోజున అమెరికా పేరు చెప్పి ఎంత తగ్గించాడు, అమెరికా సరుకు కాని దానికి కూడా ఎందుకు తగ్గించాడు. వెనక ఏరియేటర్ల మోత. మావాడు ఒక్కసారి కూడా హుఁ అనలేదు. అనే సందు దొరకలేదు.

సెంటర్లో బళ్ల మీద కుర్రాళ్లు ఆ పదకొండు నిమిషాలూ విన్నారు. ఇద్దరు చెవుల్లోంచి పుల్లలు తీసి, "ఒరే, మా నాన్నకీ అంతే కోశాడ్రా" అనుకున్నారు. ఆసామి వ్యాపారం పేజీ మడిచి పక్కన పెట్టాడు.

లెక్క చూసుకుంటే వ్యూస్ ట్రంప్ ఎపిసోడ్‌లో పదో వంతు కూడా రాలేదట. ఆడియో బాలేదని ముగ్గురు తిట్టారట. "కంటెంటు ఉంది గానీ రీచ్ లేదు బాబాయ్" అన్నాడు మావాడు. కిటికీ మళ్లీ మూశాడు. వచ్చే వారం ట్రంప్ జాతకం. పాలకొల్లు నుంచి సిద్ధాంతిగారు వస్తున్నారు, ప్లాస్టిక్ మొక్క ఇంకోటి ఆర్డరు పెట్టాడు.