పుట్టీ పీఠాధిపతులు

ప్లాస్టిక్ విమానాలు, ట్యాంకులు అతికించుకునే మన చిన్న లోకంలో ఏ కొత్త కుర్రాడో నోరు తెరిచి “రెక్క దగ్గర సందు పడిందండీ, ఏ పుట్టీ పెట్టమంటారు?” అన్నాడంటే వాడి పని అయిపోయినట్టే. నాలుగు దిక్కుల నుంచీ పీఠాధిపతులు ట్యూబులు చేతబట్టుకుని దిగుతారు. సందు ఎంత వెడల్పుంది, ఎక్కడ పడింది, ఎందుకు పడింది అని ఒక్కరూ అడగరు. అడిగితే అసలు పుట్టీయే అక్కర్లేదని తేలే ప్రమాదం ఉంది. అప్పుడు పీఠం గతేం కాను?

భక్తులు ఎక్కువున్నది జపాన్ ట్యూబు పీఠానికి. టమియా వారి బూడిదరంగు పుట్టీ, 32 గ్రాములు. ఇది సర్వరోగ నివారిణి అని వీరి సిద్ధాంతం. మంచి సరుకే, కాదనను. కానీ అది లాకర్ జాతి. అందులోని ద్రావకం ఆవిరైతే గట్టిపడుతుంది, ఆవిరైన మేరకు కుంచించుకుపోతుంది. దాని గుట్టంతా ఇంతే. పైన చర్మం కట్టి కాసేపట్లోనే ఆరినట్టు కనిపిస్తుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. పలచటి రెక్క అంచు మీద ఎక్కువ వేస్తే ప్లాస్టిక్‌నే మెత్తబరిచి వదులుతుంది. పలచగా ఒక పూత, రాత్రంతా ఆరనిచ్చి ఇంకో పూత వేస్తే ఏ గొడవా లేదు. మన భక్తుడికి అంత ఓపిక ఎక్కడిది? మినపరొట్టె మీద వెన్న రాసినట్టు దిట్టంగా పూసి, సాయంత్రానికల్లా ఉప్పుకాగితం అందుకుంటాడు. నున్నగా రుద్దుతాడు, రంగు వేస్తాడు, ఫొటో తీస్తాడు, నలుగురి చేతా ఆహా అనిపించుకుంటాడు. కొన్నాళ్లు పోయాక విమానం వీపు పొడవునా సన్నటి పల్లం తేలుతుంది. “ఈసారి వచ్చిన ట్యూబు నకిలీదండీ, అసలు జపాన్‌ది కాదు” అంటాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడికి కనీసం మద్దెల ఇక్కడే దొరికేది. వీళ్లు మద్దెలను విమానంలో తెప్పించుకుని మరీ ఓడంటారు.

ఆ ట్యూబు కోసం కొరియర్ వాడి దారి చూస్తూ కూర్చునే వారికి ఒక చిన్న విజ్ఞప్తి. విజయవాడ ఆటోనగర్‌లో ఏ డెంటింగు, పెయింటింగు షెడ్డుకెళ్లినా కారు బానెట్ మీద గీతలకు, చిన్న గుంటలకు పూసే ఎన్.సి. పుట్టీ ఉంటుంది. నైట్రోసెల్యులోజ్ సరుకు. అదీ లాకర్ జాతే, అదీ పలచగా వేస్తేనే మాట వింటుంది. ముందు ఒక పనికిరాని ముక్క మీద వేసి చూసుకుంటే సరి. దాని పేరెత్తగానే మనవాళ్లు ముక్కు చిట్లిస్తారు. “కార్లకు పూసేదా? విమానం మీదా?” తమాషా ఏమిటంటే అమెరికాలో మోడలర్లు ఏళ్లుగా చేస్తున్నదదే. కార్ల సామాన్ల కొట్టుకెళ్లి బాండో వారి స్పాట్ పుట్టీ కొనుక్కుని ఫైటర్ల సందులు పూడ్చుకుంటున్నారు. అక్కడి మెకానిక్ పుట్టీ ఇక్కడికి దిగుమతైతే కళ్లకద్దుకుంటాం, ఇక్కడి మెకానిక్ పుట్టీ మాత్రం లప్పం. పొరుగింటి పుల్లకూరకు పాస్‌పోర్టు కూడా ఉంటే ఇక చెప్పేదేముంది!

పుట్టీ కొనకపోయినా ఫర్వాలేదు, ఆ షెడ్డులో పెయింటరు చెయ్యి చూడటానికైనా వెళ్లండి. రేకు బద్దతో ఒక్క లాగు లాగుతాడు, బద్దకు మిగిలింది డబ్బా అంచున గీకేస్తాడు. ఆరాక వాటర్ పేపరును చెక్కముక్కకు చుట్టి, నీళ్లు చల్లుకుంటూ రుద్దుతాడు. ఊరికే వేలితో రుద్దడు. వేలికింద పుట్టీ ఒకలా, పక్కనున్న గట్టి చోటు ఇంకోలా అరిగి పల్లం పడుతుందని అతనికి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. తర్వాత ప్రైమరు ఒక చెయ్యి వేసి, పక్కకు వంగి, వెలుతురు పారేలా చూస్తాడు. దాగిన గీత ఉంటే అక్కడ పట్టుబడుతుంది. మన పీఠాధిపతులు ప్రైమరు వెయ్యరు. గీత కనబడితే ట్యూబు పరువు పోతుంది కదా.

ఇక ఫెవిక్విక్ పీఠం. “కుంచించుకోదు, క్షణాల్లో పట్టేస్తుంది, దాని మీద ప్యానెల్ గీత చెక్కినా నిలుస్తుంది” అంటారు. మూడూ నిజాలే. నాలుగోది చెప్పరు: పట్టగానే రుద్దెయ్యాలి. రాత్రి వదిలేసి పొద్దున్నే వచ్చి చూస్తే ఆ జిగురు కిట్ ప్లాస్టిక్ కన్నా గట్టిపడి కూర్చుంటుంది. ఉప్పుకాగితానికి జిగురు కదలదు, దానికి అటూ ఇటూ ఉన్న ప్లాస్టిక్ అరిగిపోతుంది. సందు పూడ్చమంటే గట్టు కట్టారన్నమాట. వంటసోడా చల్లి మరీ తొందరపెట్టే శిష్యులూ ఉన్నారు. కాక్‌పిట్ అద్దం పక్కన ఈ ప్రయోగం చేసి, అద్దానికి తెల్లటి పొగ పట్టాక “కశ్మీరు చలి ఎఫెక్టు” అని పేరు పెట్టుకున్న ప్రతిభకు చేతులెత్తి మొక్కాలి.

నీళ్ల పుట్టీ వాళ్లు మెతక మనుషులు, గొడవకు రారు. స్పెయిన్ దేశపు వల్లెహో వారి యాక్రిలిక్ పుట్టీ పెట్టి, తడి ఇయర్‌బడ్‌తో తుడిచేసుకుని, రుద్దే పనే లేకుండా బయటపడతారు. రెక్క మొదట్లో, అద్దం అంచున అంతకన్నా సుఖం లేదు. దాని మీద గీత చెక్కబోతే పెళుసుగా రాలుతుందని వాళ్లే ఒప్పేసుకుంటారు. ఇంత నిజాయితీ ఉన్నవాళ్లు పీఠమేం నడుపుతారు? ఎం-సీల్, మిల్లిపుట్ లాంటి రెండు ముద్దల ఎపాక్సీ వాళ్లదీ దాదాపు ఇదే కథ. సందు పెద్దదైతేనే పిలుస్తారు, పని కాగానే మరిచిపోతారు.

అందరికన్నా పైమెట్టు మీద కూర్చున్నవారు స్ప్రూ పాకం తాపసులు. ముక్కలు కోసుకున్నాక మిగిలిన ఫ్రేమును తుంచి, పలచటి సిమెంటు జిగురు సీసాలో నానేసి కరిగిస్తారు. ప్లాస్టిక్‌కు ప్లాస్టికే మందని వీరి మంత్రం. తర్కం దివ్యంగా ఉంది. అదే పదార్థం కనుక అదే తీరున అరుగుతుంది. ఆరడానికి రోజులు పడుతుంది, తొందరపడితే బుడగలూ పల్లాలూ మిగులుతాయి. తాపసులకు తొందరేముంది గనక? వాళ్ల బల్ల మీద స్పిట్‌ఫైరు ఇంకా యుద్ధానికే బయల్దేరలేదు.

ఇంత రచ్చకూ కారణమైన ఆ సందు దగ్గరికి ఇప్పటికైనా వెళ్దాం. మన వాయుసేన 2025 సెప్టెంబరులో సాగనంపిన మిగ్-21నే తీసుకోండి. రెక్క మొదట్లో సందు ఎందుకు పడుతుంది? చాలాసార్లు ముక్కను ఫ్రేము నుంచి కోసినప్పుడు మిగిలిన చిన్న మొటిమ వల్ల. దాన్ని చెక్కకుండా అతికిస్తే రెక్క ఆనదు. లేదా విమానం ఒడలు రెండు సగాలనూ గట్టిగా బిగించి అతికించడం వల్ల ఒళ్లు సన్నబడి, రెక్క అందదు. జిగురు ముట్టకముందు ముక్కల్ని ఉత్తినే జతచేసి చూస్తే రెండూ తెలిసిపోతాయి. మొదటిదానికి బ్లేడు చాలు. రెండోదానికి లోపల అడ్డంగా ఒక స్ప్రూ ముక్క పెడితే ఒళ్లు విచ్చుకుంటుంది. అప్పటికీ మిల్లీమీటరు సందు ఉంటే ప్లాస్టిక్ షీటు బద్ద దూర్చాలి. వెంట్రుకంత మిగిలితే మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి ప్రైమరు, కుంచెతో ఒక్క గీత. పుట్టీయే వేస్తానంటారా, సందుకు రెండు పక్కలా టేపు వేసి, పూసి, తడి ఆరకముందే టేపు పీకెయ్యండి, రుద్దే పని సగం తగ్గుతుంది. ఇవేవీ పీఠాల్లో చెప్పరు. అక్కడ చెప్పే చిట్కా ఒకటుంది: రెక్కల కొసల్ని టేపుతో పైకి లాగి కట్టడం. సందు మూసుకుంటుంది, నిజమే. మిగ్-21 రెక్కలు రెండు డిగ్రీలు కిందికి వాలి ఉంటాయి. ఆ వాలు కాస్తా పోయి, రష్యా వాళ్లు ఎన్నడూ చెయ్యని విమానం ఒకటి మన బల్ల మీద పుడుతుంది.

దీన్ని మించింది అన్నీ పూడ్చేసే జబ్బు. కనపడ్డ ప్రతి గీతా శత్రువే. ముందు పూడుస్తారు, నున్నగా రుద్దుతారు, పక్కనున్న అసలు ప్యానెల్ గీతలు కూడా ఆ రుద్దుడులో పోతాయి, అప్పుడు సూది పట్టుకుని మళ్లీ చెక్కుతారు. చెక్కిన గాడి పావు మిల్లీమీటరు వెడల్పుంటే 1/72 స్కేలులో అది నిజ విమానం మీద 18 మిల్లీమీటర్లు. మెకానిక్ చిటికెన వేలు పెట్టి తిప్పొచ్చు.

మొన్నామధ్య ఒక పీఠాధిపతి గారి మిగ్ చూశాను. ముక్కు నుంచి తోక దాకా గాజుముక్కలా ఉంది, ఒక్క గీత లేదు. నిజమైన మిగ్-21లో ఇంజను తీయాలంటే వెనక సగం మొత్తం ఊడదీసి పక్కన పెడతారు. అందుకే ఒంటి చుట్టూ అక్కడొక అతుకు ఉంటుంది. వారు దాన్నీ పూడ్చేశారు. ఆ విమానానికి ఇంజను మార్చాల్సి వస్తే ఏ ట్యూబు సిఫారసు చేస్తారో అడుగుదామనుకున్నాను గానీ, అప్పటికే ఆయన పక్కవాడి స్పిట్‌ఫైరు వైపు ట్యూబు మూత తీసుకుంటూ కదిలారు.